చాకు మొనంత పొడి

బాత్రూంలో కుళాయి ధారగా పోతోంది. నా పెద్ద కూతురు పీట మీద కూర్చుని, నా చేతిలోని స్టీలు గ్లాసు వైపు చూస్తోంది. నీళ్ళ చప్పుడు వింటే మూత్రం వస్తుందని రోజూ పొద్దున అలాగే కుళాయి తిప్పేదాన్ని. బకెట్టు నిండింది. పొర్లింది. నా పాదాల మీదుగా తూములోకి పోయింది. గ్లాసులో ఏమీ పడలేదు.

"వస్తలేదమ్మా," అంది.

కుళాయి కట్టేశాను. చప్పుడు ఆగిపోయాక, నిన్న సాయంత్రం కూడా అది బాత్రూంకి వెళ్ళలేదని గుర్తొచ్చింది. నిన్న మధ్యాహ్నం ఒక్కసారి వెళ్ళింది. రెండు చెంచాలంత, టీ డికాషన్ రంగులో. జ్వరం కదా, వేడి చేసి ఉంటుందిలే అనుకుని నీళ్ళు పోసి కడిగేశాను. ఇప్పుడు ఖాళీ గ్లాసు పట్టుకుని, ఇది వేడి కాదు అనుకున్నాను. అంతకంటే ఎక్కువ ఏమీ అనుకోలేదు. గ్లాసు కడిగి బోర్లించాను. పిల్లకు గౌను సర్ది మంచం మీద పడుకోబెట్టాను. పొయ్యి మీద పాలు పొంగుతుంటే వెళ్ళి దించాను.

దానికి అప్పుడు ఆరేళ్ళు. నాలుగేళ్ళప్పుడు ఒక పొద్దున కళ్ళు ఉబ్బి లేచింది. ఏదో కుట్టిందనుకున్నాం. మర్నాటికి కాళ్ళు వాచాయి, వారానికి పొట్ట. పటాన్‌చెరులో పిల్లల డాక్టరు మూత్రం పరీక్ష చేయించి, దీన్ని నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారని చెప్పారు. రక్తంలో ఉండాల్సిన ప్రొటీను మూత్రంలో పోతుంది, అందువల్ల నీరు ఒంట్లోకి దిగి వాపు వస్తుంది, మాత్రలు వాడితే తగ్గుతుంది, మళ్ళీ తిరగబెడుతుంది, పెద్దయ్యేకొద్దీ చాలామందికి పోతుంది అన్నారు. ఉప్పు తగ్గించమన్నారు. పచ్చళ్ళు, అప్పడాలు వద్దన్నారు. తనను అడగకుండా వేరే మందు ఏదీ ఇవ్వొద్దన్నారు. అన్నీ విన్నాను. అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను.

నేను బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివాను. ఆ సంగతి తెలిసి డాక్టరు ఇంట్లోనే పరీక్ష చేసుకోవడం నేర్పారు. మా ఆయన పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీలో షిఫ్ట్ కెమిస్టు. పాత టెస్ట్ ట్యూబులు రెండు, ఒక స్పిరిట్ దీపం తెచ్చారు. పొద్దున పట్టిన మూత్రాన్ని ట్యూబులో పోసి, పైభాగం వేడి చేసి, నాలుగు చుక్కలు వెనిగర్ వేస్తే, ప్రొటీను ఉన్న రోజు తెల్లగా విరుగుతుంది. ఎంత విరిగితే పుస్తకంలో అన్ని ప్లస్సులు. రెండేళ్ళలో ఒక్క రోజు తప్పలేదు. వీధిలో ఆడవాళ్ళు వచ్చి ఆ దీపాన్ని, ట్యూబుల్ని వింతగా చూసి వెళ్ళేవారు. నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

ఇప్పుడు పొడి సంగతి చెప్పాలి.

మా వీధిలో సగం ఇళ్ళ మగవాళ్ళు మందుల ఫ్యాక్టరీల్లోనే పని. అక్కడ తయారయ్యేది మాత్ర కాదు. మాత్రలోకి వెళ్ళే అసలు మందు, డ్రముల కొద్దీ, మైదాపిండిలా ఉంటుంది. పొద్దున టిఫిన్ డబ్బాలో పచ్చడి కోసం పెట్టే చిన్న గిన్నె సాయంత్రానికి ఖాళీ అవుతుంది కదా, అందులో అడుగున ఇంత పొడి ఇంటికి వచ్చేది. దాన్ని ఎవరూ దొంగతనం అనేవారు కాదు. బియ్యం మిల్లులో పనిచేసేవాళ్ళ ఇంట్లో నూకలు ఉన్నట్టు మా ఇళ్ళల్లో పొడులు ఉండేవి. ఒకరింట్లో జ్వరానిది, ఒకరింట్లో దగ్గుది. మా ఇంట్లో నొప్పులకు వాడేది, ఐబుప్రొఫెన్. పాత కాఫీ సీసాలో, చక్కెర డబ్బా పక్కన పెట్టేదాన్ని. తలనొప్పి వస్తే చాకు మొనతో కొంచెం తీసి నోట్లో వేసుకుని నీళ్ళు తాగడం. ఇంటి ఓనరు భార్యను మేమంతా ఖాలా అంటాం. ఆమె మోకాళ్ళకు నెలకోసారి కాగితం పొట్లంలో అడిగి తీసుకెళ్ళేది. "దుకాణంల గోలీలల్ల సున్నం కలుపుతరు బేటీ. ఇది అస్లీ," అనేది.

నేనూ అలాగే అనుకునేదాన్ని. మందు అంటే దానికి ఒక పేరు, అట్ట, తేదీ ఉండాలి. ఇది మా ఇంట్లో ఉండే సరుకు, పసుపు లాగా. అడగకుండా మందు ఇవ్వొద్దని డాక్టరు చెప్పిన మాటకు, ఆ కాఫీ సీసాకు సంబంధం ఉందని నాకు తట్టలేదు. అది ఏ మందో, దాని ఫార్ములా ఏమిటో కూడా తెలిసినదాన్నే.

ఆ ఎండాకాలం జబ్బు తిరగబెట్టింది. ట్యూబులో మూడు ప్లస్సులు. డాక్టరు మాత్రలు పెంచారు. వాపు దిగకముందే జ్వరం వచ్చింది. కాళ్ళు గుంజుతున్నాయని ఏడ్చేది. డాక్టరు రాసిన జ్వరం సిరప్ పోస్తే గంట తగ్గి మళ్ళీ వచ్చేది. మా ఆయన "జెరంత పొడి ఇచ్చి చూడు" అన్నారు. ఆయన అనకపోయినా ఇచ్చేదాన్ని. చాకు మొనకు వచ్చినంత తీసి, తేనెలో రంగరించి నాకించాను. చెమట పట్టి జ్వరం దిగింది. హాయిగా నిద్రపోయింది. రోజుకు మూడుసార్లు, మూడు రోజులు. జ్వరం దిగిన టైము పుస్తకంలో రాశాను. పొడి రాయలేదు. దాచాలని కాదు, రాయాలని తోచలేదు.

నాలుగో రోజు పొద్దునే గ్లాసు ఖాళీ.

మా ఆయన అప్పటికే కంపెనీ బస్సులో మొదటి షిఫ్టుకు వెళ్ళిపోయారు. చిన్నదాన్ని, నాలుగేళ్ళ పిల్లను, ఖాలా దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె నా ముఖం చూసింది. "చిన్నదాన్ని నాకాడ ఇడ్సిపెట్టు. నువ్వు జల్దీ పో," అంది. పటాన్‌చెరు డాక్టరు పొట్ట నొక్కి చూశారు, బీపీ చూశారు, మూత్రం వచ్చి ఎన్ని గంటలైందని అడిగారు. చెప్పాను. చీటీ రాసి, ఇంటికి వెళ్ళొద్దు, ఇటునుంచి ఇటే హైదరాబాదు పొమ్మన్నారు.

ఆటోలో పిల్ల నా ఒళ్ళో పడుకుంది. హైవే మీద లారీల వెనక ఆగుతూ, కదులుతూ పోతున్నాం. నేను దాని కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కాను. గుంట పడింది. ఆ గుంట నిండడానికి ఎంతసేపు పడుతుందో చూశాను. మళ్ళీ నొక్కాను. దారి పొడుగునా అదే పని చేశాను. ఎందుకు చేశానో తెలియదు. ఏడవాలనిపించలేదు. ఆటో అతను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

పిల్లల ఆసుపత్రిలో మా వార్డు చూసేది ఒక డాక్టరమ్మ. నడివయసు, మెల్లగా మాట్లాడే మనిషి. నా నోటుపుస్తకం తిరగేసి, పక్కనున్న చిన్న డాక్టర్లకు చూపించింది. "ఇంత బాగా రాసే తల్లిని నేను చూడలేదు," అంది. వేరే మందులేమైనా ఇచ్చారా అని అడిగితే లేదన్నాను. ఆ లేదు నిజంగానే అన్నాను. నా మనసులో పొడి లేదు. తరవాత ఆమె, జ్వరానికి ఏమిచ్చారు అని అడిగింది. సిరప్ అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుండగా తేనె రాసిన చెంచా కళ్ళ ముందుకు వచ్చింది. అప్పుడు తెలిసింది. ఇంకేమైనా అని ఆమె మళ్ళీ అడిగింది. ఇంకేం లేదు అన్నాను. అది అబద్ధం.

సాయంత్రం మా ఆయన కంపెనీ బట్టల్లోనే వచ్చారు. మెట్ల దగ్గర నిలబడి పొడి సంగతి ఎత్తాను. నేను పూర్తిగా చెప్పకముందే ఆయనకు అర్థమైంది.

"ఆ ముచ్చట ఎత్తకు," అన్నారు. "గేటు కాడ తెలిస్తె నౌకరి పోతది. ఇగ దీని మందులు ఎట్ల తెద్దాం?"

అందులో తప్పేమీ కనిపించలేదు నాకు. నెల కిందట వేరే షిఫ్టు మనిషి ఒకడు సాక్సులో పొట్లంతో గేటు దగ్గర దొరికాడు. అరగంటలో వెళ్ళగొట్టారు. చుట్టుపక్కల ఏ కంపెనీ కూడా అతన్ని తీసుకోలేదు. పైగా, పొడి వల్లే ఇలా అయిందని ఎవరన్నారు? అలా ఒకరికొకరం చెప్పుకున్నాం. సరే అన్నాను.

రెండు రోజులు అలా గడిచాయి. మంచానికి కట్టిన మూత్రం సంచీ ఖాళీగా వేలాడుతూ ఉండేది. దాని మీద గీతలు, అంకెలు ఉంటాయి. కింది గీతను కూడా ఏమీ తాకలేదు. పొద్దున, సాయంత్రం రక్తం తీసేవారు. మూత్రంలో పోవాల్సిన క్రియాటినిన్ పెరుగుతోంది, పొటాషియం పెరుగుతోంది అని చెప్పేవారు. ఆ మాటలు నాకు కాలేజీలో తెలిసినవే. పిల్ల ముఖం గుండ్రంగా, మెరుస్తూ, ఎవరి పిల్లో అన్నట్టు ఉండేది. నేను దానికి జడ వేసేదాన్ని. పెరుగన్నం తినేదాన్ని. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేదాన్ని. పిల్ల అలా ఉండగా అన్నం నమలగలమని అంతకుముందు నాకు తెలియదు.

పక్క మంచం పిల్లవాడి తల్లి, ఏ ఊరని అడిగింది. చెప్పాను. "మీ దిక్కు బోర్ల నీళ్ళు మంచియి గావంటరు గద. గవ్వే అయుంటయి," అంది. మా వైపు ఎవరికి ఏ జబ్బు వచ్చినా నీళ్ళనే అంటారు. ఫ్యాక్టరీల వల్ల ఆ నీళ్ళు వాసన వస్తాయి, నిజమే. తాగడానికి మేం ట్యాంకరు నీళ్ళే పట్టుకుంటాం. అది ఆమెకు చెప్పలేదు. తల ఊపాను. మధ్యాహ్నం డాక్టరమ్మ కూడా నీళ్ళ గురించి అడిగింది. అప్పుడూ తల ఊపాను. ఆమె ఆ మాట కాగితం మీద రాసుకుంది. ఆమె పెన్ను ఆ మాట మీదుగా పోవడం చూస్తూ నిలబడ్డాను.

మూడో రోజు మధ్యాహ్నం డాక్టరమ్మ మమ్మల్నిద్దరినీ తన బల్ల దగ్గరికి పిలిచింది. ఈ జబ్బు ఉన్న పిల్లలకు కొందరికి ఇలా హఠాత్తుగా మూత్రపిండాలు ఆగిపోతాయి, కానీ దానికో కారణం ఉంటుంది, విరేచనాలో, ఇన్ఫెక్షనో, ఏదో ఒకటి, మీ పాపకు ఏదీ దొరకడం లేదు అంది. మర్నాడు పొద్దున పొట్టలో గొట్టం వేసి, మందునీళ్ళు పంపి, రక్తంలోని చెడును బయటికి తీస్తామంది. దాంతోపాటు వీపులోంచి సూది పెట్టి మూత్రపిండం ముక్క తీసి చూడాలంది. "ఇంత వాపులో ఆ సూది వేయడం నాకూ ఇష్టం లేదు. రక్తం ఆగకపోవచ్చు. కానీ కారణం తెలియకుండా ఎన్నాళ్ళు చూస్తాం?" అంది. కాగితం మా ఆయన ముందుకు జరిపింది.

ఆయన పెన్ను తీసుకున్నారు. మూత తీశారు. పేరులో మొదటి అక్షరం రాశారు.

"పొడి ఇచ్చిన మేడం," అన్నాను.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఏం పొడి అంది. పేరు చెప్పాను. ఎంత అంది. చాకు మొనకు వచ్చినంత అన్నాను. ఆమె బల్ల మీద ఉన్న పెన్సిలు నా చేతికిచ్చి, ఎంతో గీసి చూపించమంది. కాగితం మూల మీద గీశాను. ఎన్నిసార్లు అంది. తొమ్మిది అన్నాను. ఆమె లెక్క వేసుకుంది. ముఖంలో ఏమీ మారలేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నాకు అర్థమయ్యేలా చెప్పింది. పాప ఒంట్లో నీళ్ళు నిండా ఉన్నట్టు కనిపిస్తాయి కానీ అవి రక్తనాళాల్లో లేవు, బయట చర్మం కింద ఉన్నాయి. మూత్రపిండాలకు అందేది కొంచెం రక్తం. ఉన్న ఆ దారిని తెరిచి పెట్టుకుని అవి నెట్టుకొస్తుంటాయి. ఈ మందు ఆ దారిని మూసేస్తుంది. అంతే చెప్పింది. తరవాత, "మొదటి రోజే చెప్పి ఉంటే ఇంత వెతికేవాళ్ళం కాదమ్మా," అంది.

ఎక్కడ కొన్నారు అని అడిగింది. మా ఆయన పెన్ను మూత పెట్టి బల్ల మీద పెట్టారు.

"కొనలేదు మేడం. నేనే తెచ్చిన. మా కంపెనీలది," అన్నారు.

ఆమె కేసు కాగితంలో 'నొప్పుల మందు, ఇంట్లో ఇచ్చారు, మూడు రోజులు' అని రాసింది. నీళ్ళ గురించి రాసిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. సూది ఇప్పుడు వద్దులే అని, సంతకం మొదలైన కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది. బయటికి వచ్చాక మా ఆయన కిందికి వెళ్ళి రెండు టీలు తెచ్చారు. తెచ్చేసరికి చల్లారిపోయాయి. ఇద్దరం తాగాం.

తరవాత ఏం జరిగిందో ఇక్కడే చెప్పేస్తాను. ఆరు రోజులు పొట్టలోకి గొట్టం ద్వారా నీళ్ళు ఎక్కించి తీశారు. ఆసుపత్రిలో చేరిన తొమ్మిదో రోజు సంచీ అడుగున మొదటి గీత దాకా వచ్చింది. నర్సు నన్ను పిలిచి చూపించింది. చూశాను. సంతోషం వెంటనే రాలేదు. చాలా నెలల తరవాత ఎప్పుడో, అన్నం వండుతుండగా వచ్చింది. మూత్రపిండాలు తేరుకున్నాయి. ఈసారికి తేరుకున్నాయి అన్నది డాక్టరమ్మ మాట. ఇప్పుడు దానికి పదేళ్ళు. జబ్బు ఇంకా పూర్తిగా పోలేదు. నేను ఇంకా పొద్దున దీపం వెలిగిస్తాను. పిల్లలు పడుకున్నాక ఈ కాగితాలు రాస్తుంటే పక్క గదిలోంచి దాని ఊపిరి వినిపిస్తోంది. మా ఆయన నౌకరికి ఏమీ కాలేదు. డాక్టరమ్మ ఎవరికీ చెప్పలేదు. కాఫీ సీసాను ఆయనే పారేశారు. ఖాలా తన దగ్గరున్న పొట్లం తెచ్చి నా ముందే తూములో పోసింది. మిగతా ఇళ్ళకు నేనే వెళ్ళి చెప్పాను. కొందరు విన్నారు. కొందరు, మా పిల్లలకు ఆ జబ్బు లేదు కదా అన్నారు.

ఇక మిగిలింది, నేను నిజం చెప్పిన మర్నాటి పొద్దున.

పదింటికి గొట్టం వేస్తారు. ఎనిమిదింటికి ఖాలా చిన్నదాన్ని తీసుకుని వచ్చింది. మూడు రోజులుగా అక్క కావాలని ఏడుస్తోందట. తీరా వచ్చాక మంచం దగ్గరికి రాలేదు. ఖాలా బురఖా అంచు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడింది. పెద్దది దాన్ని చూసి, తల అడ్డంగా ఊపింది, చెప్పొద్దు అన్నట్టు. ఏమిటని అడిగితే ఖాలాయే చెప్పింది. జ్వరంలో పడుకున్నప్పుడు పెద్దది ఉప్పగా ఏదైనా కావాలందట. చిన్నది వంటింట్లోంచి గుప్పెడు మిక్చరు తెచ్చి దుప్పటి కింద పెట్టిందట. ఇద్దరూ తిన్నారట. ఉప్పు తింటే అక్క ఉబ్బిపోతుందని నేను రోజుకు పదిసార్లు చెప్పేదాన్ని. అక్క ఉబ్బింది. ఆసుపత్రికి పోయింది. మూడు రోజులుగా చిన్నది ఖాలా ఇంట్లో ఉప్పు వేసిన ముద్ద ముట్టలేదట.

పెద్దది కళ్ళు మూసుకుని, "నేనే అడిగిన అమ్మా. దాన్ని కొట్టకు," అంది.

నేను చిన్నదాన్ని ఎత్తుకొచ్చి మంచం మీద, అక్క కాళ్ళ దగ్గర కూర్చోబెట్టాను.

"మిక్చరుతోని గాలేదు," అన్నాను. "మీరిద్దరు చేసిందేం లేదు. నేనిచ్చిన పొడితోని అయింది."

"తేనెల కలిపిందా?" అంది పెద్దది.

"ఆ, అదే. జరం తగ్గాలని ఇచ్చిన. డాక్టరును అడగలేదు. నిన్న డాక్టరమ్మకు చెప్పిన. ఇయ్యాల పొట్టకు ఒక గొట్టం ఏస్తరు. నొస్తది. నేను పక్కనే ఉంట."

చిన్నది నన్ను చూసింది, అక్కను చూసింది. "అయితే అమ్మదా తప్పు?" అని అక్కనే అడిగింది.

"నాదే," అన్నాను. "ఇగ మీదట మీకు ఎవరు ఏమిచ్చినా, నేనిచ్చినా సరే, ఇది ఏంది, ఎందుకు అని అడగండి. నేను చెప్పకపోతే మింగకుండ్రి."